తీర్పు సరియే, హేతువుల మాట యేమి?

ప్రతి వత్సరమును మార్చి మాసము వచ్చునప్పటికి అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొక వివాదము తలయెత్తుచుండును. కళాశాలల బాస్కెట్‌బాల్ క్రీడలో ఆ యేటి యుత్తమ క్రీడాకారు డెవడు? అను ప్రశ్నపై పత్రికలును, రేడియోలును, విద్యార్థుల వసతిగృహములును రెండు పక్షములుగా చీలిపోవును. 2025వ సంవత్సరమున నీ వివాదము మిక్కిలి తీవ్రముగా సాగినది. డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన కూపర్ ఫ్లాగ్ అను పదునెనిమిదేండ్ల బాలు డొకవైపునను, ఆబర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన జొనై బ్రూమ్ అను ఇరువదిరెండేండ్ల యువకుడు మఱియొకవైపునను నిలిచిరి. అసోసియేటెడ్ ప్రెస్సు వారి 61 మంది పాత్రికేయులలో 41 మంది ఫ్లాగునకును, 20 మంది బ్రూమునకును ఓటు వేసిరి. మూడవవాని కొక్క యోటైనను పడలేదు. నెయిస్మిత్ బహుమానమును, వుడెన్ బహుమానమును గూడ ఫ్లాగునకే లభించినవి.

ఆ తీర్పు సరియైనదే యని మా యభిప్రాయము. కాని యా తీర్పునకు నాడు చెప్పబడిన కారణములలో పెక్కింటిని మే మంగీకరింపజాలము. న్యాయస్థానములతో పరిచయము గలవా రెల్లరు నెఱిగిన విషయ మొకటి కలదు. తప్పు తీర్పు ఒక్క వ్యాజ్యమును చెఱచును. తప్పు హేతువుతో కూడిన యొప్పు తీర్పు రాబోవు వ్యాజ్యముల నన్నిటిని చెఱచును. ఓడినవాడు తాను తక్కువవాడ నగుటచే నోడితినని తలంచిన మౌనముగా నింటికి పోవును. తన మాట నెవ్వరును సరిగా వినకయే యోడించిరని తలంచినచో నతని మనస్సున న్యాయముపై నమ్మకమే సడలును. కావున ఈ వారము ఫలితమును విడిచి హేతువులను విచారింపదలచితిమి.

ఎక్కడి యాట, ఎక్కడి బహుమానము, మన కేల యని కొందఱు పాఠకులు ప్రశ్నింపవచ్చును. మన పిల్లలు వేలకొలదిగా నా దేశపు విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. మన పాఠశాలల మైదానములలో గూడ ఇనుప వలయములు నిలిచి చిరకాలమైనది. అంతకంటె ముఖ్యమైన కారణ మింకొకటి గలదు. ఇద్దఱు యోగ్యులలో నొకని నేరుకొనవలసిన పని పరీక్షకులకును, నియామక సంఘములకును, తుదకు ప్రతి యోటరునకును నిత్యము తటస్థించునదియే. ఆ పని యెట్లు చేయదగునో, ఎట్లు చేయరాదో నేర్చుకొనుటకు పరుల యింటి వివాదమే మేలు. అందు మనకు రాగద్వేషములు తక్కువ.

1891వ సంవత్సరము డిసెంబరు మాసమున మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థు లింటిలోపల నాడుకొనుటకై రెండు పీచ్‌పండ్ల బుట్టల నెత్తున బిగించి, పదుమూడు నిబంధనలు వ్రాసి యీ యాటను సృష్టించెను. జట్టెట్లు గెలుచునో ఆ నిబంధనలలో గలదు గాని, జట్టులలోని వారిలో నుత్తము డెవ్వడో తేల్చు నిబంధన లేదు. ఆ కొఱతను తరువాతివారు తమకు తోచినట్లు పూరించుకొనిరి. బాస్కెట్‌బాల్ రచయితల సంఘమువారు 1959 నుండియు, అసోసియేటెడ్ ప్రెస్సువారు 1961 నుండియు, నెయిస్మిత్ పేరిట అట్లాంటా నగరపు సంఘమువారు 1969 నుండియు, జాన్ వుడెన్ అను ప్రసిద్ధ శిక్షకుని పేరిట లాస్ ఏంజిలిస్ నగరపు సంఘమువారు 1977 నుండియు బహుమానము లొసగుచున్నారు. ఓట్లు వేయువారు వేఱు, ఓట్లు ముగియు దినములు వేఱు. అందఱును "ఉత్తముడు" అనుమాటనే వాడుదురు; ఆ మాటకు సమ్మతమైన యర్థమును మాత్ర మెవ్వరును నిర్ణయింపలేదు. ఈ యేటి వివాదములన్నిటికి మూల మిచ్చటనే యున్నది.

ఇక వాదిప్రతివాదుల సంగతి. ఫ్లాగ్ మెయిన్ రాష్ట్రమందలి న్యూపోర్టు అను చిన్న యూరివాడు. ఉన్నత పాఠశాలను ఒక యేడు ముందుగనే ముగించుకొని డ్యూకున చేరెను. ఆటల ఋతువు ప్రారంభమగునప్పటికి వాని కింకను పదునెనిమిదేండ్లు నిండలేదు. ఆ యేడు సగటున ఆట కొక్కింటికి 19.2 పాయింట్లు సంపాదించెను. గుఱి తప్పి తిరిగి వచ్చిన బంతిని, అనగా రీబౌండును, 7.5 మారులు చేజిక్కించుకొనెను. తోటివాడు బుట్టలో వేయుటకు వీలగునట్లు 4.2 మారులు బంతి నందించెను. ఈ మూటియందే గాక, ఎదుటివాని బంతిని హరించుటయందును, ఎదుటివాని గుఱి నడ్డగించుటయందును గూడ తన జట్టులో నతడే మొదటివాడు. 2025 జనవరి 11వ తేదీన నోటర్‌డేమ్ జట్టుపై 42 పాయింట్లు చేసి, అట్లాంటిక్ తీర లీగులో మొదటి యేటి విద్యార్థు లెవ్వరును చేయని పని చేసెను.

బ్రూమ్ చరిత్ర మిందుకు భిన్నమైనది. ఫ్లోరిడా రాష్ట్రమందలి ప్లాంట్ సిటీ యాతని యూరు. పెద్ద విశ్వవిద్యాలయము లతని కొఱకు పోటీ పడలేదు. కెంటకీ రాష్ట్రమందలి మోర్‌హెడ్ స్టేట్ అను చిన్న విద్యాలయమున రెండేండ్లాడి పేరు సంపాదించుకొని, 2022లో ఆబర్నునకు వచ్చెను. కరోనా వ్యాధి ప్రబలిన కాలమున విద్యార్థుల కొసగిన యదనపు సంవత్సరమును వినియోగించుకొని ఐదవ యేడు గూడ నిలిచెను. ఆ యైదవ యేట 18.6 పాయింట్లును, 10.8 రీబౌండులును సగటుగా సాధించెను; ప్రతి యాటయందును రెండుమారులకు మించి యెదుటివారి గుఱి నడ్డగించెను. ఆగ్నేయ లీగువారు తమ యుత్తమునిగా నతనినే యెన్నుకొనిరి. ఆబర్న్ ఆ లీగున ప్రథమస్థానము నందుటయే గాక, దేశమందలి 68 జట్ల తుది టోర్నమెంటున మొట్టమొదటి జట్టుగా పరిగణింపబడెను.

బ్రూమ్ పక్షమువారి వాదమును దాని పూర్తి బలముతో చెప్పుట మా ధర్మము. ఆ యేడు ఆగ్నేయ లీగునకు సాటియైన లీగు వేఱొండు లేదు. అందలి పదునాఱు జట్లలో పదునాలుగు జట్లు తుది టోర్నమెంటునకు పిలువబడినవి. ఇంతకుముం దే లీగునకును ఇట్టి గౌరవము దక్కలేదు. డ్యూక్ ఆడిన అట్లాంటిక్ తీర లీగు నుండి నాలుగు జట్లు మాత్రమే పిలువబడినవి. అనగా బ్రూమ్ వారము వారమును కొండల నెక్కుచుండగా ఫ్లాగ్ తఱచు మైదానముననే నడచెను. నడకలో సంపాదించిన యంకెలకును, ఎక్కుడులో సంపాదించిన యంకెలకును ఒకే వెల కట్టుట న్యాయమా? ఈ ప్రశ్న గట్టిది. ఇరువదిమంది పాత్రికేయు లీ ప్రశ్ననే మనసున నుంచుకొని యోటు వేసియుందురేని, వారిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు.

ఫ్లాగ్ పక్షమువారి వాదమును అంత బలముతోనే వినదగును. బుట్టవద్ద నిలిచి యాడువాని పని యొకటి. మైదాన మంతటను తిరుగుచు పని నిర్వహించువాని పని మఱియొకటి. ఫ్లాగ్ బంతిని తానే నడిపించెను. దూరము నుండియు కొట్టెను. దగ్గఱ నుండియు కొట్టెను. ఎదుటి జట్టున పొడుగువానిని, పొట్టివానిని గూడ కాచెను. ఎవ్వరు నడ్డగింపని ఫ్రీత్రోలలో నూటికి 84 వేసెను. డ్యూక్ తన లీగులో 20 ఆటలాడి 19 గెలిచెను. లీగు బలహీనమైనదే కావచ్చును. ఐనను బలహీనులపై ప్రతి దినమును గెలుచుచుండుట సులభము కాదు. అజాగ్రత్త యనునది బలవంతుల వ్యాధి. అది యా జట్టునకు సోకకుండుటకు ముఖ్యకారకు డా బాలుడే.

ఈ వ్యాజ్యమున రెండు పక్షములవారును గొప్ప సాక్ష్యముగా ప్రయోగించిన యంశములు రెండు గలవు. మొదటిది, ఇరువురును ముఖాముఖి తలపడిన యాట. 2024 డిసెంబరు 4వ తేదీన డ్యూక్ తన సొంత మైదానమున ఆబర్నును 84-78 పాయింట్లతో నోడించెను. ఫ్లాగ్ 22 పాయింట్లు, 11 రీబౌండులు. బ్రూమ్ 20 పాయింట్లు, 12 రీబౌండులు. గెలుపు డ్యూకునదైనను, ఇరువుర లెక్క సరిసమానము. దీనిని బట్టి యెవ్వడెక్కువ యని తేల్చబూనుట వెంట్రుకను నిలువున చీల్చుటయే. రెండవది, లేనప్పుడు తెలియు విలువ యను వాదము. బ్రూమ్ చీలమండ బెణికి జనవరిలో రెండాటలు మానెను; ఆబర్న్ ఆ రెండింటను గెలిచెను. "చూచితిరా, అతడు లేకున్నను జట్టు గెలిచినది" యని ఫ్లాగ్ పక్షమువారు ఘోషించిరి. మార్చిలో లీగు పోటీలయందు ఫ్లాగ్ చీలమండయు బెణికెను. అతడు లేకయే డ్యూక్ ఆ పోటీని గెలిచెను. ఆ ఘోష యంతటితో నిలిచిపోయినది. రెండు పక్షములకును సమముగా వర్తించు సాక్ష్య మే పక్షమునకును సాక్ష్యము కాదు.

ఇంతవఱకు వాదము మర్యాదగానే యున్నది. ఇక మే మంగీకరింపజాలమంటిమే, ఆ హేతువులను పరిశీలింతము. అందు మొదటిది భవిష్యత్తును గుఱించినది. "ఫ్లాగ్ రేపు వృత్తి క్రీడలో మహావీరుడగును, అందఱికంటె ముందుగా నతనినే కొందురు, కావున నతడే యుత్తముడు" అనుమాట నాడు చాల వినవచ్చినది. అది నిజమే యైనది. 2025 జూన్ మాసమున డల్లాస్ జట్టువా రతనిని మొదటివానిగా నేరుకొనిరి. బ్రూమునకు 35వ స్థానము గాని దొరకలేదు. కాని బహుమానము గడచిన యేటి పంటకుగాని, రాబోవు యేటి విత్తనమునకు గాదు. పొలము చూచి రేపటి దిగుబడి నూహించుట వర్తకుని పని. కళ్ళములోని ధాన్యమును కొలుచుట తీర్పరి పని. రెండు పనుల నొక్కచేతితో చేసినచో కొలత చెడును.

వర్తకుని యూహ యెంతవఱకు నమ్మదగినదో తెలిసికొనుటకు 2006వ సంవత్సరపు వివాదమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ యేడు గొంజాగా విద్యాలయపు ఆడమ్ మారిసన్ ఆటకు 28.1 పాయింట్లతో దేశమున ప్రథముడయ్యెను. డ్యూకునకు చెందిన జె. జె. రెడిక్ 26.8 పాయింట్లు చేసెను. అసోసియేటెడ్ ప్రెస్సు, నెయిస్మిత్, వుడెన్ బహుమానములు రెడిక్కునకు దక్కగా, రచయితల సంఘమువారును శిక్షకుల సంఘమువారును ఇరువురికిని పంచియిచ్చిరి. వృత్తి జట్లవారు మారిసన్ను మూడవవానిగను, రెడిక్కును పదునొకండవవానిగను తీసికొనిరి. కాల మేమి చెప్పెను? మూడవవాడు కొలదియేండ్లలోనే యా క్రీడనుండి తొలగిపోయెను. పదునొకండవవాడు పదునైదు ఋతువు లాడి, 2024లో లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టునకు శిక్షకు డయ్యెను. సంతవారి పందెమును నమ్మి బహుమానము లిచ్చిన, పందెముతోపాటు బహుమానమును అబద్ధమగును. మారిసన్ ఆ యేడు చేసిన పని మాత్ర మెన్నటికి నబద్ధము కాలేదు.

ఈ విషయమున ఓటర్ల నడవడియు నొక్కరీతిగా లేదు. 2007లో టెక్సస్ విశ్వవిద్యాలయపు కెవిన్ డ్యురాంట్ మొదటి యేటి విద్యార్థియై యుండియు నెయిస్మిత్ బహుమానము నందెను; అట్టివారిలో నతడే ప్రథముడు. మఱుచటి యేడు కాన్సస్ స్టేట్ విద్యాలయపు మైకేల్ బీజ్లీ, అతడును మొదటి యేటివాడే, 26.2 పాయింట్లును 12.4 రీబౌండులును సాధించెను. బహుమానములు మాత్రము నార్త్ కరోలినాకు చెందిన మూడవ యేటి విద్యార్థి టైలర్ హాన్స్‌బ్రోకు పోయినవి. అతని యంకెలు 22.6, 10.2. అతని జట్టు మూడాటలు మాత్రమే యోడెను. బీజ్లీ జట్టు పండ్రెండోడెను. ఇచ్చట జట్టు గెలుపే ప్రమాణ మయ్యెను. రెండు తీర్పులును సమర్థింపదగినవే కావచ్చును. కాని యే సూత్రముచే నొకటి యిట్లును, ఇంకొకటి యట్లును జరిగెనో యెవ్వరును వ్రాసి పెట్టలేదు. పూర్వ నిర్ణయములు గ్రంథస్థము కాని న్యాయస్థానమునకు వచ్చిన కక్షిదారునివలె ప్రతి యేటి క్రీడాకారుడును దిక్కుతోచక నిలుచుచున్నాడు.

రెండవ దుర్హేతువు కళాశాల పేరు. డ్యూక్ వంటి విద్యాలయపు ఆట లన్నియు దేశమంతట చూపబడును. దాని యంగీ తొడిగినవాడు సగము ప్రసిద్ధుడై పుట్టినట్లే. ఐనను బహుమానముల చరిత్రలో గౌరవప్రదమైన పుట లీ పక్షపాతమును జయించినవే. 1979లో ఇండియానా స్టేట్ విద్యాలయపు లారీ బర్డ్ తుది యాటలో మ్యాజిక్ జాన్సన్ జట్టుచేత 75-64 పాయింట్లతో నోడెను. ఆ యేటి నెయిస్మిత్, వుడెన్ బహుమానములు బర్డువే. 1987లో నౌకాదళ విద్యాలయపు డేవిడ్ రాబిన్సన్, 2011లో బ్రిగమ్ యంగ్ విద్యాలయపు జిమ్మర్ ఫ్రెడెట్, 2020లో డేటన్ విద్యాలయపు ఓబీ టాపిన్ ఇట్లే యెన్నికైరి. చిన్న దీపమైనను చీకటిలో దాగదని వీరు ఋజువు చేసిరి. కాని దీపమును చూచుటకు కన్నులు గలవా రుండవలెను. మోర్‌హెడ్ స్టేట్ విద్యాలయమున నున్నప్పుడు బ్రూము నెందఱు చూచిరి?

స్త్రీల క్రీడయందు గూడ ఈ ప్రశ్నయే వేఱు రూపమున నెదురైనది. 2023లో అయోవా విశ్వవిద్యాలయపు కేట్లిన్ క్లార్క్ ఆటకు 27.8 పాయింట్లు చేసెను. సౌత్ కరోలినాకు చెందిన అలియా బోస్టన్, అంతకుముందు యేటి విజేత్రి, 13 పాయింట్లు మాత్రమే చేసెను. కాని యామె జట్టు దేశపు టోర్నమెంటున నుపాంత్య మగువఱకు నొక్క యాటయైన నోడలేదు. ఎదుటివారు బుట్టదరికి రాకుండ నిలిచి కాచుట బోస్టన్ పని. ఆ పని పాయింట్ల పట్టికలో కనబడదు. బహుమానములు క్లార్కునకు దక్కినవి. 2024లో సౌత్ కరోలినా జట్టు 38 ఆటలు గెలిచి, ఒక్కటియు నోడక, తుది యాటలో క్లార్క్ జట్టునే జయించెను; అప్పుడును ఆ యేటి యుత్తమురాలు క్లార్కే. దీనివలన తేలిన సూత్ర మిది: జట్టు గెలుపునకు జట్టు బహుమానము వేఱుగా గలదు, ఒక్కరి గౌరవ మొక్కరి పనినిబట్టియే. ఈ సూత్రము మాకు సమ్మతము. ఐతే దానిని పురుషుల క్రీడయందును, స్త్రీల క్రీడయందును, పెద్ద కళాశాలకును, చిన్న కళాశాలకును సమముగా వర్తింపజేయవలెను.

మూడవ దుర్హేతువు బ్రూమ్ పక్షమువారిది. దానిని దాచుట పక్షపాతమగును. "ఐదేండ్లు శ్రమపడినాడు, క్రింది మెట్టునుండి పైకి వచ్చినాడు, ఆ బాలునకు బహుమానము రాకున్నను కోట్లు వచ్చును, దీని నితనికే యిండు" అని కొందఱు వాదించిరి. ఆ మాట వినిన మా హృదయమును గూడ కరగినది. కాని దయకు స్థానము శిక్ష విధించునప్పుడు గలదు. యోగ్యత నిర్ణయించునప్పుడు లేదు. అట్లిచ్చిన బహుమానము పుచ్చుకొన్నవానికే యవమానము. బ్రూమ్ జాలికొఱకు చేయి చాచినవాడు కాడు. మిచిగన్ స్టేట్ జట్టుతో నాడునప్పుడు మోచేయి దెబ్బతిని బయటికి పోయి, మరల వచ్చి యాడి, మొత్తము 25 పాయింట్లు, 14 రీబౌండులు చేసి జట్టును తుది నాలుగింటిలో నిలిపినవానికి పరుల జాలితో పని లేదు.

నాలుగవది కడపటి యాటను బట్టి తీర్చు తీర్పు. 2006 మార్చి 23వ తేదీన రెడిక్ 18 మారులు గుఱిచూచి 3 మారులే వేయగలిగెను, అతని జట్టోడెను. ఆనాడే మారిసన్ జట్టు 17 పాయింట్లు ముందుండియు నోడెను. ఆ యువకుడు మైదానముననే కన్నీరు పెట్టుకొనెను. ఒక్క రాత్రి యిరువురి యేడాది పనిని తుడిచివేసినదా? 2020లో వ్యాధి కారణమున తుది టోర్నమెంటే జరుగలేదు. ఐనను ఉత్తముని నిర్ణయించిరి, ఎవ్వరు నది చెల్లదనలేదు. 2025 ఏప్రిల్ 5వ తేదీన ఆబర్న్ ఫ్లోరిడా చేతిలోను, డ్యూక్ హ్యూస్టన్ చేతిలోను నోడినవి. ఫ్లాగ్ 27 పాయింట్లు చేసెను గాని చివరి క్షణమున గుఱి తప్పెను. ఆ తప్పు వలన నతని యేడు తప్పు కాలేదు. ఇట్లే, ఓట్లకు ముందు వారములలో ఆబర్న్ వరుసగా టెక్సస్ ఏ అండ్ ఎమ్, అలబామా జట్లచేతను, పిదప టెనెస్సీచేతను నోడుట చూచి బ్రూమును తగ్గించినవారు గలరు. కండ్లయెదుటి వారమును కొండగా చూచి, కడచిన నెలలను కనుమఱుగు చేయుట మానవస్వభావము. తీర్పరి జయింపవలసినది ముందుగా నా స్వభావమునే.

ఇన్ని హేతువులను తోసివేసిన పిమ్మట మిగిలిన దేమి? పని, పనిలో మోసిన బరువు. లీగు బలమున బ్రూమునకు మొగ్గు గలదు. రీబౌండులలోను, అడ్డగించుటలోను మొగ్గు గలదు. పాయింట్లలో నిరువురు నించుమించు సమానులు. కాని బంతిని నడిపించుట, తోటివారి కందించుట, దూరమునుండి కొట్టుట, ఫ్రీత్రోలు, నానావిధములైన ప్రత్యర్థులను కాచుట, వీనిలో ఫ్లాగునకు మొగ్గు గలదు. ఐదు పనులలోను తన జట్టునకు తానే మొదటివాడుగా నిలిచి, ఆ జట్టును 39 ఆటలలో 35 గెలిపించుటలో ముఖ్యుడైనవాని బరువే కొంచె మెక్కువ యని మా త్రాసు చెప్పుచున్నది. అతని లోపములను మఱచి చెప్పుట లేదు. నవంబరులో కెంటకీతో నాడినప్పుడు చివరి నిమిషములలో బంతిని పోగొట్టుకొనుటయు నీ లెక్కలోనిదే. త్రాసు వాలినది వేలెడే గాని మూరెడు కాదు. 41కి 20 అను సంఖ్య యా వ్యత్యాసమును కొంత పెద్దదిగా చూపుచున్నది.

ఇప్పు డీ హేతువుల వివేచన మునుపటికంటె నెక్కువ యవసరమైనది. 2021 జూలై మొదలుకొని అమెరికా కళాశాల క్రీడాకారులు తమ పేరును, బొమ్మను వినియోగించి ధనము సంపాదించుటకు హక్కు గలిగినది; 2025 నుండి కళాశాలలే నేరుగ వారికి ధనము చెల్లింపవచ్చును. శ్రమపడినవానికి ఫలము దక్కుట న్యాయమే, దాని నాక్షేపింపము. కాని పేరే సొమ్మైన దినములలో, పేరు గలవానికే బహుమానము, బహుమానము గలవానికే మరల పేరు, అను చక్రము తిరుగ నారంభించును. ఆ చక్రము నాపగలిగిన చేయి ఓటరుది. అతడు సంతకు ప్రతిధ్వనియైనచో బహుమానము ప్రకటన పత్రిక యగును.

కావున మా సూచనలు మూడు. ఓటు వేయు ప్రతివాడును తన హేతువులను నాలుగు పంక్తులలో వ్రాసి ప్రకటింపవలెను; పేరు చెప్పి కారణము చెప్పనివాడు తీర్పరి కాడు, పందెకాడు. ప్రతి సంఘమును తాను గణించు కాల మెంతవఱకో, తుది టోర్నమెంటును చేర్చుకొనునో లేదో, ముందుగనే స్పష్టముగా చెప్పవలెను. "ఉత్తముడు" అను మాటకు ఆ యేటి పని యను నర్థమునే గ్రహించి, రేపటి యాశను, నిన్నటి కష్టమును, కళాశాల కీర్తిని లెక్కనుండి తొలగింపవలెను. ఇందు వ్యయము లేదు, కష్టము లేదు, కొంచెము సిగ్గు మాత్ర ముండవలెను.

ఈ నియమములు 2025లో నుండినను బహుమానము ఫ్లాగునకే వచ్చియుండునని మా నమ్మకము. కాని బ్రూమ్ ఆ నలువదియొక్క హేతువులను చదువుకొని, తా నెచ్చట తగ్గితినో తెలిసికొని, తలయెత్తి బయటికి వచ్చియుండును. మోర్‌హెడ్ స్టేట్ వంటి యే మారుమూల విద్యాలయముననో నేడు సాయంకాలము ఒంటిగా బంతిని గోడకు కొట్టుకొనుచున్న యే బాలుడో వానిని చదివి, తన్ను గూడ నొకనాడు పనిచేతనే తూచెదరని నమ్మియుండును. గెలిచినవాని మెడలో పతకము వేయుట సులభము. ఓడినవానిచేత సరియే యనిపించుట కష్టము. ఆ కష్టమునకు సిద్ధపడినవారే తీర్పు చెప్పుటకు తగినవారు.